సెనెగల్ ‘దిబి’ మన పొట్టేలు మాంసంతోని చేయొచ్చా?

పాలెం పల్లి రైతు (ప్రశ్న)

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది నాగర్‌కర్నూల్ జిల్లా బిజినేపల్లి మండలం, పాలెం పక్కన చిన్న ఊరు. ఆరెకరాలల్ల యాసంగి పల్లి వేస్త, కదిరి-6. పోయిన నెల మా చేను చూడనీకి ఒక సార్ వచ్చిండు. ఆయనది సెనెగల్ దేశం. అక్కడ బంబే అనే ఊర్ల పల్లి పరిశోధన కేంద్రం ఉందంట, అండ్ల పనిచేస్తడు. కొన్ని నెలల పని మీద పటాన్‌చెరు ఇక్రిశాట్‌కు వచ్చిండు. ఊరి పేరు చెప్తే మా అమ్మ బొంబాయి అనుకొని, ‘మా అన్న అక్కడే మిల్లుల పనిచేసిండు’ అని ముచ్చట మొదలుపెట్టింది. ఆయన ఓపికగ అంత విన్నడు.

మధ్యాహ్నం నాటుకోడి కూర, జొన్న రొట్టె పెట్టినం. ఇష్టంగనే తిన్నడు. మీ దిక్కు పండుగకు ఏం చేసుకుంటరు సార్ అని అడిగితే, ‘దిబి’ అన్నడు. గొర్రె మాంసం బొగ్గుల మీద కాల్చి, ఉల్లిగడ్డ, ఆవాల ముద్ద పెట్టుకొని తింటరట. అది తినక ఐదు నెలలాయె అన్నడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొఖం చూసిన. దేశం గాని దేశంల ఉన్న మనిషి, మన ఇంటికి వచ్చి మన పంట మంచిగ రావాలని ఎండల తిరిగినోడు. నా మనసుల అట్లనే ఉండిపోయింది.

పల్లి పీకే టైంకు, అంటే ఇంకో నెలకు, మళ్ల వస్తా అన్నడు. మాకు పద్దెనిమిది జీవాలు ఉన్నయి, ఒక పొట్టేలును ఆయన కోసం పక్కకు పెట్టిన. హలాల్ సంగతి ఇబ్బంది లేదు, మా ఊర్ల పండుగ యాటలు గూడ సాయబే కోస్తడు.

నాకు తెల్వనిది కాల్చుడే. పోయిన ఆదివారం కిలో మాంసం తెచ్చి బొగ్గుల మీద పెట్టి చూసిన. మీద మాడింది, లోపల పచ్చిగ ఉన్నది, ఎంత నమిలినా తెగలేదు. మసాలా ఏం పట్టిస్తరు, ఎంతసేపు నానబెట్టాలె? ఆ ఆవాల ముద్ద అంటే మన ఆవపిండేనా? తెలిసినోళ్ళు జర వివరంగ చెప్పున్రి.

మెట్టుగడ్డ తమ్ముడు

అన్నా, మాంసం గట్టిగున్నదంటే నానబెట్టలేదన్నట్టు. పెరుగు, అల్లం ఎల్లిపాయ, కారం, గరం మసాలా, రెండు చెంచాల పచ్చి బొప్పాయి గుజ్జు పట్టించి రాత్రంత ఉంచు. తెల్లారి సీకులకు గుచ్చి కాల్చు. మా మహబూబ్‌నగర్ల కబాబ్ బండ్లోళ్ళు ఇట్లనే చేస్తరు, వెన్న లెక్క విడిపోతది.

దేవరకొండ బోరుబండి

పాలెం తమ్మీ, నీ పోస్టు చదివి మధ్యాహ్నం పని పక్కన పెట్టి రాస్తున్న. మెట్టుగడ్డ తమ్ముడు చెప్పింది కబాబ్‌కు మంచిదే, తప్పు గాదు. గానీ పెరుగు, బొప్పాయి పెడితే నువ్వు చేసేది దిబి గాదు. మీ సార్ మర్యాదకు బాగున్నదనే అంటడు, ఆయన యాది చేసుకున్న రుచి మాత్రం అండ్ల దొరకదు.

నేను 2016 నుంచి 2019 దాక సెనెగల్ల బోరు బండి మీద పనిచేసిన. కావొలాక్, ఫాటిక్ చుట్టు తిరిగినం. అది వాళ్ళ పల్లి సీమ. పంట వచ్చినప్పుడు కావొలాక్‌ల పల్లికాయ కుప్పలు గుట్టల లెక్క పోసి ఉంటయి. ఆ దిక్కు మీద మీద దొరికే నీళ్ళు చాన తావుల ఉప్పగ ఉంటయి, లోతుకు పోతే ఫ్లోరైడ్. అక్కడి పోరగాళ్ళ పండ్ల మీద గోధుమరంగు గీతలు చూసిన రోజు నాకు ఫ్లోరైడ్ నీళ్ళతోని గోసపడ్డ మా మర్రిగూడ యాదికొచ్చి అన్నం సయించలేదు. నీ ప్రశ్నకు ఇది సంబంధం లేని ముచ్చట, గానీ ఆ ఊర్ల గురించి రాస్తూ ఇది రాయకుండ ఉండలేను.

దిబి అమ్మే కొట్టును దిబిటెరీ అంటరు. మేం పోయే కొట్టు బస్సులు ఆగే తావు పక్కన ఉండేది. రేకుల కప్పు, పొగకు నల్లబడ్డ గోడ, ఇనుప జాలి కింద బొగ్గులు. గొర్రె మాంసం కొక్కానికి వేలాడుతుంటది. కిలో అంటే కిలో, అరకిలో అంటే అరకిలో, నువ్వు చూపించిన తావున కోసి తూకం వేస్తడు. అసలు గిరాకి చీకటి పడ్డంకనే. డ్యూటీ దిగినోళ్ళు, డ్రైవర్లు, పిల్లలను ఎత్తుకొని వచ్చిన ఆలుమగలు, అందరు ఆ పొగల నిలబడి ఎదురుచూస్తరు.

ఇప్పుడు కాల్చుడు సంగతి. ఇది మనసు పెట్టి చదువు, నీ మాంసం మాడింది ఇక్కడనే. వాళ్ళు చిన్న ముక్కలు చేసి పచ్చివి నిప్పు మీద వేయరు. పక్కబొక్కల పలక, ముందరి జబ్బ, పెద్ద పెద్ద తునకలుగ బొక్కతోనే జాలి మీద పెడ్తరు. బొగ్గులు ఒక పక్కకు ఎక్కువ, ఇంకో పక్కకు పలచగ పరుస్తరు. పెద్ద తునక ముందు పలచటి పక్కన, మెల్లగ. కొవ్వు కరిగి బొగ్గుల మీద చుక్క చుక్క పడ్తది, ఆ పొగనే మాంసానికి పడ్తది. దిబికి మసాలా అంటే ఆ పొగనే తమ్మీ. కొవ్వుకు మంట లేస్తే తునకను పక్కకు జరుపుతరు, నీళ్ళు చల్లరు. నీళ్ళు చల్లితే బూడిద లేచి మాంసానికి అంటుతది. ముప్పావు వంతు కాలినంక దించి, చెట్టు మొద్దు మీద పెట్టి కత్తితోని వేలెడంత ముక్కలు కొడ్తరు. అప్పుడు ఉప్పు, మిరియాల పొడి, కొందరు మ్యాగీ బిళ్ళ (నూడుల్స్ గాదు, కూరలల్ల రుచికి వేసే ఉప్పటి మసాలా బిళ్ళ) పొడి గూడ చల్లుతరు. మళ్ల ముక్కలను ఎక్కువ నిప్పున్న పక్కకు వేసి, మీద ఉల్లిగడ్డ చక్రాలు గుమ్మరించి కలెబెడ్తరు. కోసిన అంచులు ఎర్రబడి చిటపటమంటుంటె దించుతరు. లోపల ఎరుపు ఉంచరు, బాగ కాలాలె.

దించి ఖాకీ కాగితంల పోసి, పక్కన ఆవాల ముద్ద, పచ్చి ఉల్లిగడ్డ, కారం పెట్టి మడిచి ఇస్తరు. పొడుగు రొట్టె విడిగ ఉంటది, ఫ్రెంచోళ్ళు అలవాటు చేసిపోయిందే, ఆ ఆవాల ముద్ద గూడ వాళ్ళతోనే వచ్చింది. కాగితం విప్పినప్పుడు వచ్చే ఆవిరి ఉంటది సూడు, అది నేను మాటలల్ల చెప్పలేను. నువ్వు మాత్రం పాత పేపర్ వాడకు, సిరా అంటుతది. మోదుగాకు విస్తరి వేయి, ఇంకా మంచిగుంటది.

మొదటిసారి పోయినప్పుడు నేను ఇంటి కారంపొడి పొట్లం జేబుల పెట్టుకొని పోయిన. ముక్క మీద చల్లబోతుంటె కొట్టాయన నా చెయ్యి పట్టి ఆపిండు. కోపం ఏం లేదు. పక్కబొక్క ముక్కొకటి తీసి ఉత్తగ నాకు అందిచ్చిండు. ఉప్పు, కొవ్వు, పొగ, అంతే. నోట్ల పెట్టంగనే నాకు జాన్‌పహాడ్ దర్గా యాదికొచ్చింది. చిన్నప్పుడు ఉర్సుకు పోయి కందూరు చేస్తే, కూర ఉడికేలోపు ఆకలైతుందని మా నాయన పొయ్యిల నుంచి నిప్పులు ఇవతలకు లాగి, కార్జం ముక్కలు కాల్చి ఉప్పుల అద్ది మా చేతులల్ల పెట్టేటోడు. కూర రుచి మర్చిపోయిన, ఆ కార్జం మర్చిపోలే. ఏడు సముద్రాలు దాటి పోతే మళ్ల అదే దొరికింది. అందుకే చెప్తున్న, నువ్వు కొత్తగ నేర్చుకునేది ఏం లేదు. మన తాతలు గొర్ల మంద దగ్గర చేసిందే ఇది. మసాలా డబ్బా మూత మూసి పెట్టు.

ఒక ముచ్చట ఉన్నది. అక్కడ ‘దిబి హౌసా’ అని ఇంకో రకం ఉంటది. నైజర్, నైజీరియా దిక్కు నుంచి వచ్చిన హౌసా మనుషులు చేస్తరు. మాంసం పలచగ కోసి పుల్లలకు గుచ్చి నిప్పు చుట్టు నిలబెడ్తరు, దానికి ‘కంకన్‌కన్’ అనే పొడి అద్దుతరు. అండ్ల పల్లి పిండి, ఎండు మిరప, అల్లం ఉంటయి. మన పల్లికారానికి చుట్టమే అనుకో. మీ ఇంట్ల పల్లీలకు కరువు లేదు గద, ఎల్లిపాయ, చింతపండు లేకుండ కొంచెం దంచి పక్కన పెట్టు.

పండుగ అంటే ఆయన చెప్పింది తబాస్కీ అయ్యుంటది, మన బక్రీదు. నెల ముందు నుంచే దేశమంత గొర్లే. మాలి, మౌరిటానియా నుంచి లారీలల్ల వస్తయి. రాజధాని డాకర్‌ల మిద్దెల మీద గూడ పెంచుకుంటరు, సబ్బు పెట్టి కడుగుతరు. లదూమ్ అనే జాతి పొట్టేలు ఉంటది, నా నడుము దాటి ఎత్తు, దాన్ని కొడుకు లెక్క చూసుకుంటరు. మేం ఉన్న ఇంట్ల పండుగ నాడు కోసినంక ముందుగాల కార్జమే బొగ్గుల మీదకు పోయింది. పక్కింటోళ్ళు క్రైస్తవులు, వాళ్ళకు భాగం పంపిన్రు. ఈస్టర్ వచ్చినప్పుడు ఆ పక్కింటోళ్ళు సజ్జలు, పల్లీలు, బావోబాబ్ కాయ గుజ్జు కలిపి చేసే ‘న్గలాఖ్’ గిన్నెలతోని పంపుతరు. ఆ దేశమంత ఇదే ఆనవాయితీ.

బొగ్గులు సర్కారు తుమ్మవి తీసుకో, మన దిక్కు బట్టీలు ఎక్కడ చూసినా ఉన్నయి. కిరోసిన్ పొయ్యకు. నల్లగ ఉన్నప్పుడు మాంసం పెట్టకు, మీద తెల్లబూడిద వచ్చేదాక ఆగు. జాలి ఎత్తుకు చెయ్యి పెట్టి ఐదు లెక్కబెట్టు. ఐదు దాక ఆగగలిగితే అది పెద్ద తునకకు సరైన వేడి. రెండుకే చెయ్యి తీసేస్తే అది ఆఖరి వేపుడుకు.

దక్కని మంద

దేవరకొండ అన్న నిప్పు సంగతి చెప్పిండు, నేను జీవం సంగతి చెప్త. మేము కురుమోళ్ళం, నారాయణపేట దిక్కు. మూడు తరాల మంద మాది.

తమ్మీ, నువ్వు పక్కకు పెట్టిన పొట్టేలు నోరు తెరిచి చూసినవా? పాలపండ్లు ఉంటే మాంసం మెత్తగ ఉంటది గానీ కొవ్వు ఉండదు, నిప్పు మీద ఎండిపోతది. నాలుగు పండ్లు దాటితే గట్టి. రెండు పండ్లు వేసినది, అంటే ఏడాది దాటి ఏడాదిన్నర దగ్గర ఉన్నది కాల్చుడుకు సరిపోతది. నల్లటి దక్కనిదైతే మాంసం రుచి, నెల్లూరుదైతే పెద్ద బొక్క, పలుచని కొవ్వు. నా మాట దక్కనికే. ఇది మా ఇంటి పక్షపాతం అనుకున్నా సరే, గొంగడి ఇచ్చిన జీవం అది.

ఇంకా నెల టైం ఉన్నది గద, మందల తిప్పుడు తగ్గించి ఇంటి దగ్గర మేపు. పల్లి కట్టె ఎండినది ఉంటే అదే పెట్టు, పొద్దుమాపు గుప్పెడు మక్కలు. సెనెగల్‌ల గూడ పండుగ గొర్లను పల్లి కట్టె పెట్టే బలుపుతరని ఒక పశువుల డాక్టర్ సార్ మాకు ట్రైనింగ్‌ల చెప్పిండు. అంటే మీ సార్ చిన్నప్పటి నుంచి తిన్న గొర్రె, నీ గొర్రె ఒకటే మేత తిన్నయి.

నీ మాంసం నమలలేదు అన్నవు గద. పొద్దున కోసిన మాంసం తెచ్చి పొద్దున్నే కాల్చినవు కావచ్చు. కోసినంక కొన్ని గంటలకు కండ బిగుసుకపోతది. కూరకైతే గంట ఉడుకుతది కాబట్టి తెల్వదు. కాల్చుడుకు అంత టైం ఉండదు, బిగువుల ఉన్న మాంసం నిప్పు చూస్తే తోలైతది. ముందు రోజు కోయించు. నీళ్ళతోని కడగకు, శుభ్రమైన బట్టతోని తుడిచి, రాత్రంత ఫ్రిజ్జుల పెట్టు. తెల్లారి కాల్చేముందు గంట ఇవతల పెట్టి చల్లదనం పోనీ. కాల్చుడుకు వెనక తొడ వద్దు, అది కూరకు పంపు. పక్కబొక్కలు, ముందరి జబ్బ చాలు.

మిర్యాలగూడ ఆవకాయ

బాబూ, ఆవాల ముద్ద సంగతి ఎవరూ పూర్తిగా చెప్పలేదు కాబట్టి రాస్తున్నా. ఆవకాయకు కొట్టే పొడి ఆవపిండి నేరుగా వాడకండి, చేదుగా, ఘాటుగా ఉంటుంది, నూనె లేకుండా నోట్లో పెట్టుకోలేరు. ఫ్రెంచి పద్ధతి ముద్ద ఇంట్లోనే వస్తుంది. నల్ల ఆవాలు ఒక కప్పు కడిగి, మునిగేంత వెనిగర్, కొంచెం చల్లటి నీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టండి. తెల్లారి ఉప్పు, చిటికెడు పసుపు వేసి రుబ్బండి. వేడి నీళ్ళు పొయ్యవద్దు, ఆవఘాటు చచ్చిపోతుంది. రుబ్బిన రోజు చేదుగానే ఉంటుంది, పారేయకండి. సీసాలో పెట్టి రెండు మూడు రోజులు ఆగితే చేదు తగ్గి ఘాటు నిలుస్తుంది. నిప్పు మీద ఉన్న మాంసానికి పూయవద్దు, వేడికి ఘాటంతా పోతుంది. పళ్ళెంలో పక్కన పెట్టండి. మా అల్లుడు ఫ్రాన్స్ నుంచి తెచ్చిన సీసా అయిపోయాక నేను ఇలా చేసి పెడితే తేడా కనిపెట్టలేదు.

పాలెం పల్లి రైతు

అందరికి పేరు పేరున దండాలు. నిన్న సార్ వచ్చి పోయిండు, రాత్రి పన్నెండయింది పండుకునేసరికి. పొద్దున లేవంగనే రాస్తున్న.

పొట్టేలు రెండు పండ్లదే, మంద అన్న చెప్పినట్టు నెల పల్లి కట్టె పెట్టిన. ముందు రోజు సాయంత్రం కోయించి ఫ్రిజ్జుల పెట్టినం. బావి కాడ వేపచెట్టు కింద ఇటుకలు పేర్చి, వెల్డింగ్ షాపుల చేపిచ్చిన జాలి పెట్టిన. సార్‌కు ముందుగాల చెప్పలే. పొద్దంత పల్లి పీకుడు చూసుకుంట, చెట్టుకు ఎన్ని కాయలున్నయో లెక్కబెట్టుకుంట తిరిగిండు. వాళ్ళ దిక్కు వానకాలం ఒక్కటే పంటంట, కరువుకు ఆగే 55-437 అనే రకం వాళ్ళ బంబేలనే తీసిన్రంట. చీకటి పడ్డంక బావి కాడికి తీసుకొచ్చిన. పక్కబొక్కల పలక జాలి మీద పెట్టిన పది నిమిషాలకు పొగ లేచింది. ఆయన మాట్లాడుతున్నోడల్ల ఆగిపోయిండు. ఒక్క మాట అనలే. అంగీ చేతులు పైకి మడిచి నా చేతుల నుంచి పట్టకారు తీసుకున్నడు.

ఇగ ఆయననే చేసిండు. నేను బొగ్గులు జరుపుడు, మా తమ్ముడు ఉల్లిగడ్డలు కోసుడు. తునక దించి కొట్టేటప్పుడు మొద్దు మీద కత్తి ఎట్ల పడాల్నో చూపిచ్చిండు, బొక్క పగులొద్దు, కీలు దగ్గరనే తెగాలె అన్నడు. మోదుగాకు విస్తర్లల్ల పోసినం. అక్కా, మీరు చెప్పిన ఆవాల ముద్ద నాలుగు రోజులు ముందే చేసి పెట్టినం. మొదటి ముక్కకు అద్దుకొని కళ్ళు మూసుకున్నడు, కళ్ళల్ల నీళ్ళు వచ్చినయి. ఆవాలకో, యాదికో నేను అడగలే. తర్వాత మంచి మంచి ముక్కలు ఏరి ముందు మా అమ్మ విస్తరిల వేసిండు, వాళ్ళ దిక్కు మర్యాద అట్లనే అంట. మా అమ్మకు డెబ్బై దాటినయి, బొక్క వదలకుండ తిన్నది.

ఒక తప్పు జరిగింది. రెండో విడత ముక్కలను నేను ఆత్రంల ఎక్కువ నిప్పు మీద ఒకేసారి గుమ్మరిస్తే కొవ్వుకు మంట లేచి కొన్ని మాడినయి. జాలి మీద ఖాళీ ఉంచాలె, మంట లేస్తే జరపనీకి తావు ఉండాలె. చేసేటోళ్ళు ఇది గుర్తు పెట్టుకోన్రి.

తిన్నంక బొగ్గులు ఆర్పుదామంటె వద్దన్నడు. బ్యాగుల నుంచి చాయపత్త డబ్బా, చిన్న గ్లాసులు తీసిండు. అటాయా అంటరంట. పచ్చ చాయపత్త, చక్కెర, పుదీన. ఆ మిగిలిన నిప్పుల మీదనే కాచి, ఎత్తు నుంచి గ్లాసుల నుంచి గ్లాసులకు పోసి నురుగు తెప్పిచ్చిండు. ఒకటి గాదు, మూడు విడతలు. మొదటిది చేదు, రెండోది కొంచెం తీపి, మూడోది బాగ తీపి. ఒక్కొక్క దానికి అరగంట పట్టింది, తొందర చేయొద్దు అన్నడు. బోరుబండి అన్నా, నీ గురించి చెప్పిన. కావొలాక్ పేరు వినంగనే వాళ్ళ అక్క అత్తగారిల్లు ఆ ఊరే అన్నడు. నువ్వు బోరు వేసిన ఊర్ల పేర్లు అడుగుతున్నడు, యాదికున్నయి రాయి, నేను పంపుత.